ముసలి జ్యోతిర్మయి గారి పొలం

"ఏవండీ, పడవ అమ్మాయిగారూ! అవతలి ఒడ్డుకి తీసుకెళ్తారా?"

జ్యోతిర్మయి తిరిగి చూసింది. జూలై నెల ఎండలో, ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లతో ఒక కుర్రాడు ఒడ్డున నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో ఫైలు, ఇంకో చేతిలో సిగ్నల్ లేని సెల్‌ఫోన్.

వేటపాలెం దాటి సముద్రం వైపు వెళితే ఇసక దిబ్బల వెనక ఒక ఉప్పునీటి మడుగు ఉంది. దానికి అవతల పదకొండెకరాల సరుగుడు తోట. రోడ్డు లేదు, కరెంటు లేదు. ఆ తోట జ్యోతిర్మయిదే. అమ్మానాన్నా చిన్నప్పుడే పోతే నాయనమ్మ వెంకటరావమ్మ పెంచింది. ఇప్పుడు ఊళ్ళో బడిపంతులమ్మ. శనివారం ఒంటిపూట బడి కాగానే జక్రయ్య బాబాయి చేపల పడవ అడిగి తీసుకుని, తానే గెడ వేసుకుంటూ తోట చూసి రావడం ఆమె అలవాటు.

"ఎవరింటికండీ?" అంది.

"ఇంటికి కాదు, పొలానికి. నా పేరు చైతన్యకృష్ణ. హైదరాబాదు కంపెనీలో ల్యాండ్ ఆఫీసర్ని. ఇక్కడ ఎకో ఫ్రెండ్లీ రిసార్టు కడదామని. జ్యోతిర్మయి గారని ఆ తోట ఓనరు. మూడు ఉత్తరాలు రాశాం, ఒక్కదానికీ జవాబు లేదు. ముసలావిడ బాగా మొండిదిలా ఉంది."

'నేనేనండీ' అనబోయిన జ్యోతిర్మయి, 'ముసలావిడ' దగ్గర ఆగిపోయింది. ఇరవై మూడేళ్ళ ఒంట్లో ఎక్కడో చురుక్కుమంది.

"మొండిదా! వట్టి గయ్యాళండీ," అంది గొంతు తగ్గించి. "డెబ్బై దాటాయి. పళ్ళు లేవు. అయినా కరుస్తుంది."

"అయ్యబాబోయ్!"

"మోకాళ్ళ నొప్పులు. అందుకే చిరాకు. ఎక్కండి."

అతను ఎక్కబోయి, పడవ మీద వేయాల్సిన కాలు పక్కన వేశాడు. మోకాలి దాకా బురదలో దిగిపోయాడు. కాలు వచ్చింది గానీ బూటు రాలేదు.

"మా మడుగు అంతేనండీ," అంది జ్యోతిర్మయి నవ్వు బిగబట్టి. "వచ్చినవాళ్ళ దగ్గర ఏదో ఒకటి ఉంచేసుకుంటుంది."

* * *

పై శనివారం అతను రబ్బరు చెప్పులతో వచ్చాడు. చేతిలో ఒక నూనె సీసా.

"జ్యోతిర్మయి గారి మోకాళ్ళకి. మా ఊళ్ళో వైద్యుడు కాచింది. మీరే ఇవ్వండి, నేనెళితే కరుస్తారేమో."

ఆ సీసా వెంకటరావమ్మ మోకాళ్ళకి చేరింది. సంగతంతా విని ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "పాపం పిల్లాణ్ణి ఆడిస్తావేమే? నూనె మటుకు బాగుంది. ఇంకో సీసా తెమ్మను."

ఆ తరవాతి శనివారం పచ్చడి జాడీ వచ్చింది. చైతన్యకృష్ణ వాళ్ళది ప్రత్తిపాడు దగ్గర మిర్చి రైతు కుటుంబం. "మా అమ్మ చేత పండుమిర్చి వెన్నలా నూరించాను. పళ్ళు లేవన్నారుగా."

"ఆవిడ చాలా సంతోషించారండీ. పొలం సంగతి మాత్రం ఆలోచిస్తానన్నారు."

"తొందరేం లేదు, నిదానంగానే ఆలోచించమనండి," అన్నాడతను, మడుగు మీద ఎగిరే కొంగల్ని చూస్తూ. ఒక్కోసారి కొంగల్ని చూడటం మానేసి, గెడ వేస్తున్న చేతుల్ని చూసేవాడు. ఆమె తల తిప్పగానే మళ్ళీ కొంగలే.

వారం వారం ఏదో ఒకటి అడిగేవాడు. ఆవిడకి కోపం ఎప్పుడొస్తుంది? తినడానికి ఏమిష్టం? జ్యోతిర్మయి తడుముకోకుండా చెప్పేది. ఓసారి మటుకు, "ఆవిడకి పాటలంటే ఇష్టమా?" అని అడిగితే, అబద్ధం చెప్పబోయి, "రేడియో లేకపోతే నిద్ర పట్టదు," అని నిజమే చెప్పేసింది.

* * *

సెప్టెంబరులో ఒక శనివారం అతను తోటలో కూర్చుని కొత్త ప్లాన్ విప్పాడు. వెదురు కాటేజీలు, మట్టి గోడలు, సోలార్ దీపాలు. అన్నీ ముచ్చటగా ఉన్నాయి. మడుగు సముద్రంలో కలిసే మొగ దగ్గర మాత్రం ఒక అడ్డగీత కనిపించింది.

"ఇదేంటండీ?"

"చిన్న కట్ట. నీళ్ళు ఏడాది పొడుగునా నిండుగా ఉండాలట, గెస్టులకి."

జ్యోతిర్మయి ముఖంలో అల్లరి పోయింది. "మొగ మూసేస్తే పోటు నీళ్ళు రావు. పోటు రాకపోతే రొయ్యపిల్ల రాదు. జక్రయ్య బాబాయి వాళ్ళ నలభై ఇళ్ళవాళ్ళు ఏం పట్టుకోవాలి, మీ గెస్టులనా?"

"అంటే... కంపెనీలో నిపుణులు..."

"ఎకో అంటే ఏంటండీ? వెదురు కుర్చీలా? మీ మిర్చి చేనుకి నీళ్ళొచ్చే కాలవకి ఎవరైనా అడ్డం కట్టేస్తే, మీ నాన్నగారు వెదురు కుర్చీలో కూర్చుంటారా?"

అతను ఆ అడ్డగీత మీద వేలు పెట్టి చూశాడు. ప్లాన్ చుట్టేశాడు. తిరుగు పడవలో అతను కొంగల్ని కూడా చూడలేదు.

పై శనివారం అతను రాలేదు. ఆ పైదీ రాలేదు. మూడో శనివారం జ్యోతిర్మయి వానలో తడుస్తూ పొద్దుగూకే దాకా పడవలోనే కూర్చుంది. రెండు సైకిళ్ళ బెల్లులకీ, ఒక మోపెడ్ చప్పుడుకీ లేచి నిలబడింది.

ఇంటికొచ్చాక వెంకటరావమ్మ తువ్వాలు ఇస్తూ అంది: "మోకాళ్ళు నావి. నొప్పి నీకు పుట్టినట్టుందే."

"వానకి తడిశానంతే, నాయనమ్మా."

"అవునవును. కళ్ళు కూడా తడిశాయి."

* * *

అక్టోబరు చివర వాయుగుండం పట్టింది. వాన కాస్త తెరిపి ఇచ్చిన శనివారం, ప్యాంటు పైకి మడుచుకుని, నెత్తిన ప్లాస్టిక్ కవరుతో చైతన్యకృష్ణ రేవులో ప్రత్యక్షమయ్యాడు. జ్యోతిర్మయి చేతులు అప్పటికే పడవ తాడు విప్పేస్తున్నాయి. ముఖం మటుకు ముడుచుకునే ఉంది.

అవతలి తోటలో ఏడెకరాలు నీళ్ళ కింద ఉన్నాయి. అతను దిగి, సరుగుడు మొదళ్ళ దగ్గర నడుము లోతు నీళ్ళలో నిలబడి చుట్టూ చూసి, తిరిగి పడవెక్కాడు.

"అక్షరాలా జక్రయ్య గారు చెప్పినట్టే ఉంది. ఇన్నాళ్ళూ మీకు తెలియకుండా ఆయన్నీ, చుట్టుపక్కల వాళ్ళనీ అడిగి రిపోర్టు రాశాను. మొగ మూయకూడదు, ఈ నేలలో సగం నీళ్ళదే అని. కంపెనీవాళ్ళు వేరే చోటు చూసుకుంటామన్నారు. వేరే మనిషిని కూడా చూసుకుంటామన్నారు."

"ఉద్యోగం పోయిందా?" జ్యోతిర్మయి చేతిలో గెడ ఆగిపోయింది.

"నాకు తెలియకుండా మీ ఊరికి చెడు చేయబోయాను. తెలిశాక కూడా చేస్తే, మా నాన్న నన్ను గుమ్మం తొక్కనివ్వడు." అతను కవరులోంచి ఒక కాగితం తీశాడు. "జ్యోతిర్మయి గారికి ఆఖరి ఉత్తరం. తప్పులుంటే దిద్దండి."

ఆమె తడి చేతులు ఓణీకి తుడుచుకుని చదివింది.

'గౌరవనీయులైన జ్యోతిర్మయి గారికి. మీ పొలం మాకే కాదు, మొగ మూస్తామనే ఎవరికీ అమ్మకండి. ఇంకో విన్నపం. మీ రేవులో ఒక పడవ అమ్మాయి ఉంది. అబద్ధాలు ధారాళంగా చెబుతుంది. కోపమొస్తే మాత్రం నిజమే చెబుతుంది. ఆ అమ్మాయిని పెళ్ళి చేసుకోవాలని ఉంది. మీరు పెద్దవారు, అడిగి చెప్పండి. మీకు డెబ్బై దాటాయని విన్నాను. మండలాఫీసులో ఇచ్చిన పాస్‌బుక్కు జిరాక్సులో ఫొటో చూస్తే మాత్రం నమ్మబుద్ధి కావడం లేదు.'

జ్యోతిర్మయి చెవులు ఎర్రబడ్డాయి. "ఎప్పుడు తెలిసింది?"

"బూటు పోయాక, మొదటి సోమవారం."

"అంటే ఆ నూనె, ఆ పచ్చడి..."

"పళ్ళు లేని గయ్యాళి ఉందంటే పచ్చడి నూరించి తెచ్చాను. నా తప్పేముంది?"

"దొంగ!"

"గురువుగారి చలవ."

వాన మళ్ళీ సన్నగా మొదలైంది. ఆమె గెడ అందుకుంది. "జ్యోతిర్మయి గారు ఆలోచించి చెబుతారటండీ."

"ఎంతసేపట్లో?"

"పడవ ఒడ్డు చేరేలోపు."

అతను ముందుకి చూశాడు. "ఒడ్డు అక్కడే ఉందిగా. పడవ కదలడం లేదేం?"

"ఆవిడకి తొందరపెడితే కోపం," అంది జ్యోతిర్మయి. కానీ ఈసారి కొంగల వంక చూసింది ఆమే.

* * *

వెంకటరావమ్మ అరుగు మీద కూర్చుని, తడిసిన ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"ఉద్యోగం ఉందా?"

"లేదండీ."

"ఈత వచ్చా?"

"రాదండీ."

"పడవ నడపడం?"

"ఎక్కడమే ఈ మధ్య వచ్చిందండీ."

"మరి ఏం చేద్దామని?"

"మిట్టనున్న నాలుగెకరాల్లో నాలుగు తాటాకు పాకలండీ. జక్రయ్య గారి వాళ్ళే పడవల్లో జనాన్ని తిప్పుతారు, వండి పెడతారు. మొగ జోలికి పోం. ఆయన్ని అడిగాను, సరేనన్నారు. ఓనరు గారు కూడా సరేనంటే..."

"దీనితో వాదించి ఎప్పుడైనా గెలిచావా?"

"లేదండీ. ఒక్కసారి కూడా."

"అయితే సంసారం చేస్తావు," అంది ముసలావిడ. "మీ అమ్మనీ నాన్ననీ రమ్మను." ఆ తరవాత మనవరాలి వైపు తిరిగింది. "ఏమే? నీకిష్టమేనా?"

జ్యోతిర్మయి తలుపు చాటుకి జరిగింది. అబద్ధం కోసం వెతికింది. ఎప్పుడూ నాలుక చివరే ఉండేది, ఇప్పుడు ఒక్కటీ దొరకలేదు.

"ఊఁ," అంది.