విప్పని కట్టు

సోనేపూర్ ఇసుకలో కూర్మయ్య శవం ఉదయం ఆరింటికి దొరికింది. కుడిచేతి వేళ్ళు నాలుగూ విరిగి ఉన్నాయి.

బరంపురం నుంచి సబ్-ఇన్‌స్పెక్టర్ నీలకంఠం వచ్చాడు. కొత్తగా ఒరిస్సా రాష్ట్రం వచ్చాక ఈ ఒడ్డున అతను రాసిన రిపోర్టులన్నిట్లో ఒకటే మాట: ప్రమాదం. ఆ వేళ్ళు చూడకపోతే ఇదీ అంతే అయ్యేది.

ముందురోజు తెప్ప మీద వేటకెళ్ళింది ఇద్దరు. కూర్మయ్య, తమ్ముడు పైడన్న. తిరిగొచ్చింది పైడన్న.

“ఏం జరిగింది?”

“కెరటం కొట్టింది బాబూ. తెప్ప బోర్లడిపోనాది. అన్న మళ్ళీ తేలనేదు.”

“బోర్లాపడ్డ తెప్పని మళ్ళీ తిప్పిందెవరు?”

“నానే. ఒక్కడ్నే.”

కులపెద్ద మసేను ముందుకొచ్చాడు. “నడిసంద్రంలో ఒక్కడే తిప్పినాడంటే ఆడు మగోడు బాబూ! దినం అవగానే కాసమ్మని ఆడికే ఇచ్చెస్తం. ఇల్లు ఒకటే, తెప్ప ఒకటే.”

కాసమ్మ కూర్మయ్య భార్య. గోడకానుకుని కూర్చుంది. ఏడవడం లేదు.

“నీకిష్టమేనా?”

“నన్నెవులడిగినారు బాబూ.”

నీలకంఠం తెప్పని బాహుదా ఏరు సముద్రంలో కలిసే మొగలోకి దింపించాడు. నలుగురు దాన్ని బోర్లించారు.

“తిప్పు. ఆ రోజులాగే. ఒక్కడివే.”

“ఇప్పుడేల బాబూ?”

“సూపించరా!” మసేను నవ్వాడు. “పోలీసోలికి సంద్రమంటే ఏటి తెలుసు!”

పైడన్న దిగాడు. భుజం పెట్టి ఎత్తాడు. తడిసిన దుంగలు కదల్లేదు. మళ్ళీ ఎత్తాడు. కదల్లేదు.

అప్పుడు అతని చేతులు అలవాటు కొద్దీ దుంగల్ని కలిపిన తాళ్ళ కట్టు మీదికి వెళ్ళాయి. ముడి దొరికింది. చేతులు ఆగిపోయాయి.

“ఏం, విప్పవేం?”

పైడన్న ముడి వదిలేశాడు.

“ఇద్దరుంటే తెప్పని ఉన్నదున్నట్టు తిప్పుతారు. ఒక్కడైతే కట్టు విప్పాలి. దుంగ దుంగా తిప్పి మళ్ళీ కట్టుకోవాలి. అవునా, మసేనూ?”

“అవును బాబూ.” మసేను గొంతు తగ్గింది.

“కాసమ్మా, ఆ ముడుల మీద ఏముంది?”

“పసుపు నూలు. ఆ పొద్దున కొత్త తాడు కట్టినారు. గంగమ్మకి మొక్కి నానే సుట్టినాను.”

“చూడు.”

ఆమె మొలలోతు నీళ్ళలోకి నడిచింది. తెప్ప కింద చెయ్యి పెట్టి రెండు ముడులూ తడిమింది.

“తెగనేదు.”

“అంటే కట్టు విప్పలేదు. తెప్పని ఇద్దరూ కలిసి తిప్పారు. అప్పటికి కూర్మయ్య బతికే ఉన్నాడు.” నీలకంఠం పైడన్న వైపు తిరిగాడు. “తిప్పేదాకా అన్న కావాలి. తిప్పాక అక్కర్లేదు. ఎక్కబోతే తెడ్డుతో వేళ్ళ మీద కొట్టావు.”

పైడన్న కాసమ్మనే చూశాడు. “తెప్పా అన్నదే. నువ్వూ అన్న మనిసివే, వొదినా.”

కానిస్టేబుల్ సంకెళ్ళు వేశాడు.

“మీ అన్న ఎంతసేపు పిలిసినాడు?” అంది కాసమ్మ.

“సానాసేపు.”

“ఎవుల్ని?”

“నిన్నే.”

ఆమె ఒడ్డుకొచ్చింది. చీర కొంగు పిండుకుంది. మసేను ఏదో అనబోయాడు.

“నన్నింక ఎవులికీ ఇయ్యకండి,” అంది.