ఎవరూ కొట్టని దెబ్బలు

ఆదివారం పొద్దున మహిత ఆఫీసు తలుపు తీయడానికి వచ్చేసరికి మెట్ల మీద ఒక స్త్రీ ముడుచుకుని కూర్చుని ఉంది. ఒళ్లో బట్టల సంచి, కళ్లలో భయం. మహిత ఆమెను లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

"నా పేరు కృపామణి, మేడమ్. కార్వేటినగరంలో గంగాధరం గారని పెద్ద రైతు. ఆయన ఒంట్లో బాగలేక, చూసుకొనేదానికి నన్ను పెట్టుకున్నారు. నేను ఆయన్ని కొడతా ఉండానని కొడుకు నిన్న స్టేషన్‌లో చెప్పినాడు. వారంలో విచారించి కేసు కడతామని ఎస్ఐ అన్నాడు. కేసు పడితే నాకింకెవురు పనిస్తారు? ఇద్దురు బిడ్డలుండారు."

తిరుచానూరు రోడ్డులో టైర్ల అంగడి పైన ఉన్న ఆ ఆఫీసు పరంధామయ్యది. పోలీసు ఉద్యోగం వదులుకుని ప్రైవేటు డిటెక్టివ్ అయిన మనిషి. పెళ్లి సంబంధాల విచారణలతోనే పొద్దుపుచ్చే ఆయనకు ఇలాంటి కేసు వస్తే పండగే. ఆ పండగ ముఖంలో కనపడనివ్వడు. ఆయన దగ్గర సహాయకురాలిగా చేరిన నాటినుంచి మహితకు ఆయన మాట వేదం, ఆ సంగతి తనూ బయటపడనివ్వదు.

"దెబ్బలెక్కడ?" అన్నాడు, కాసేపటికి ఆఫీసుకొచ్చి అంతా విన్న పరంధామయ్య.

"రెండు కండ్ల చుట్టూ సార్. నల్లగా కమిలిపోతాయి. అదీ ఈ నెల శనివారాల్లోనే. పూజ చేసి, తిని, అందురూ నడుం వాలుస్తారు. పెద్దాయన పక్కన నేనొకదాన్నే ఉంటా. కొట్టలేదంటే ఎవురు నమ్ముతారు?"

"పూజలో మీరుండరా?"

"మేం చర్చికి పోయేవాళ్లం గదా. ఆ గది గడప దాటను. వాళ్లూ పిలవరు."

పెరటాసి నెల నడుస్తోంది. తమిళనాడును ఆనుకుని ఉన్న ఆ సీమలో ఆ నెల శనివారాలు వేంకటేశ్వరుడివి. ఇంటింటా తళిగ వేస్తారు, అంటే ఆకుల్లో అన్నం, చక్కెరపొంగలి పరిచి స్వామికి నివేదిస్తారు.

మధ్యాహ్నానికల్లా ముగ్గురూ కార్వేటినగరం చేరారు. కృపామణిని చూడగానే గంగాధరం కొడుకు అమర్‌నాథ్ మండిపడ్డాడు. సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో ఇంజనీరు, శనివారాలకు ఇంటికొస్తాడు.

"సూడండి సార్, నేనొచ్చిన ప్రతి శనివారం ఇదే కత. నాయన నిలబడితే పడిపోతాడు. నాలుక మందమై మాట ముద్దగా వస్తా ఉండాది. ఏదో మత్తు పెడతా ఉండాది ఈమె. ఏండ్ల తరబడి వేసుకున్న బీపీ మాత్రలు గూడా మానిపించింది!"

"డాక్టరే వద్దన్నాడు సార్," అంది కృపామణి. "బీపీ దానంతటదే దిగిపోయిందంట. మిగతా దినాలు కర్ర పట్టుకొని బాగనే నడుస్తాడు."

"అన్నేండ్ల బీపీ ఊరికే యాడికి పోతాది?"

పరంధామయ్య ఎవరికీ జవాబివ్వకుండా వెళ్లి మంచం పక్కన కూర్చున్నాడు. గంగాధరం ఎత్తుగా పేర్చిన దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. పాదాలు వాచి ఉన్నాయి. కనురెప్పలు రెండూ ఒకేలా కమిలాయి, బుగ్గ ఎముక మీద మాత్రం గీత కూడా లేదు. నాలుక చాపమంటే చాపాడు. లావెక్కిన ఆ నాలుక అంచుల్లో పళ్ల గుర్తులున్నాయి.

"ఎవరైనా కొట్టారా?"

"నన్నెవురు కొడతారప్పా? నొప్పి గూడా లేదు."

"శనివారం పూజ ఎట్లా చేస్తారు?"

"తళిగ ముందర సాష్టాంగపడాల. ఇంటి పెద్ద తల నేలకానించి, ఊపిరి బిగబట్టి గోవిందా అని అరవాల. కర్పూరం ఆరేదాకా లేయకూడదు. మా తాతల నాటి ఆచారం." ముసలాయన ముఖం వెలిగింది. "లేచినాక నా కొడుకు వాని చేత్తో పొంగలి తినిపిస్తాడు. ఈ మధ్య కొంచెం చేదుగా ఉంటాది. నా నోరే బాగలేదేమో."

తిరుగు ప్రయాణంలో మహిత ఆగలేకపోయింది. "ఆమె కొట్టలేదంటారా?"

"రెండు కళ్లకూ సమానంగా, ఎముకకు తగలకుండా గుద్దే వస్తాదు నాకింతవరకు తారసపడలేదమ్మా. దిండ్లూ పాదాలూ చూశావుగా? ఈ కేసు ముందు గుండె డాక్టరు చూడాలి."

వారం తిరగకముందే తిరుపతిలోని ఒక ఆసుపత్రి గదిలో గంగాధరం మంచం చుట్టూ అందరినీ కూర్చోబెట్టాడు పరంధామయ్య. గంగాధరం భార్య దేవకమ్మ, అమర్‌నాథ్, తలుపు దగ్గర కృపామణి.

"ఇద్దరు సాక్షులు పొంతన లేని మాట చెప్పారు," అని మొదలుపెట్టాడు. "స్కానింగేమో గుండె గోడ దళసరిగా ఉందంది. కండ పెరిగి దళసరైతే ఈసీజీ గీతలు ఎత్తుగా రావాలి. పొట్టిగా వచ్చాయి. అంటే పెరిగింది కండ కాదు, మరేదో వచ్చి చేరింది. డాక్టరు పొట్ట దగ్గర చిటికెడు కొవ్వు తీసి పరీక్షిస్తే దొంగ దొరికాడు. పేరు అమిలాయిడ్."

"ఎవురు పెట్టినారు నాయనా దాన్ని?" అంది దేవకమ్మ.

"ఎవరూ పెట్టలేదమ్మా. ఒంట్లో పుట్టిన ప్రొటీనే మడత తప్పి, కరగక, గుండె కండరం సందుల్లో పేరుకుంది. గుండె బిగుసుకుపోయి రక్తాన్ని సరిగా నింపుకోలేకపోతోంది. అందుకే పడుకుంటే ఆయాసం, పాదాల వాపు, దిగిపోయిన బీపీ. నాలుకలో చేరింది, మాట ముద్దయింది. కళ్ల చుట్టూ సన్నటి రక్తనాళాల్లో చేరి వాటిని పెళుసు చేసింది. తల నేలకానించి ఊపిరి బిగబట్టి అరిస్తే అవి చిట్లాయి, సాయంత్రానికి మరక తేలింది. అంతా మీ కళ్లముందే జరిగింది. పూజ కదా, దాన్నెవరూ అనుమానించలేదు. ఆ గదిలోకి రాని మనిషిని అనుమానించారు."

"మరి పడిపొయ్యేది?" అన్నాడు అమర్‌నాథ్. గొంతులో మునుపటి జోరు లేదు.

"దాని వెనక మాత్రం మనిషి చెయ్యి ఉంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీ చేత్తో తినిపించే పొంగలి ఈ మధ్యే చేదెక్కింది. అందులో ఏం కలిపారు, అమర్‌నాథ్ గారూ?"

అమర్‌నాథ్ గోడకు ఆనుకున్నాడు.

"పాత బీపీ మాత్రలు... పొడి చేసి. ఈమె కావాలనే ఆపేసిందనుకున్నా. పక్షవాతం వస్తాదేమోనని... నాయన బాగుండాలనే సార్."

"నమ్ముతాను. కానీ ఈ గుండెకు అవి పడవు, ఉన్న కాస్త బీపీనీ లాగేస్తాయి. ఈ శనివారం కూడా తినిపించి ఉంటే ఆయన మళ్లీ లేచేవారో లేదో. ఇప్పుడు అసలు మందు మొదలైంది. పేరుకున్నది అంత తొందరగా పోదు, కొత్తది చేరకుండా ఆపడానికి చూస్తామన్నారు డాక్టరు."

గంగాధరం కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. "నన్నొక మాట అడిగింటే సరిపొయ్యేది గదరా," అన్నాడు. అమర్‌నాథ్ బావురుమన్నాడు. మహితకు జాలేసింది, ఒళ్లు మండింది కూడా.

కాసేపటికి అతను కృపామణి వైపు తిరిగి చేతులు జోడించాడు. "తప్పయిపోయింది. మళ్లా వచ్చి నాయన్ను చూసుకో."

"పెద్దాయన కోసరం వస్తా," అంది కృపామణి. "నలుగురి ముందర నన్ను స్టేషన్‌లో నిలబెట్టినారు. ఈ గదిలో చెప్తే ఆడ ఉండేవాళ్లకు ఇనపడదు సార్. అదే స్టేషన్‌కి పోయి చెప్పండి. నేనూ వస్తా. మీరు చెప్పేంతసేపూ నేను కుర్చీలో కూసుంటా."

అమర్‌నాథ్ తండ్రి ముఖంలోకి చూశాడు. ముసలాయన తలూపాడు. కొడుకు కారు తాళం తీసుకుని, తలుపు తెరిచి పట్టుకుని, ఆమెను ముందు నడవమన్నాడు.