రెండువందల అరవై అక్షరాల ప్రేమలేఖ

"మీ ఫైలు మళ్లీ దొరకలేదండీ," అంది రాజశ్రీ.

"నా దగ్గర మంచిగనే నడుస్తుంది మేడమ్," అన్నాడు బాలరాజు.

"అయితే మీ కంప్యూటర్నే క్లయింటుకు పార్సెల్ చేయమంటారా?"

పక్క సీట్లవాళ్లంతా నవ్వారు. ఘట్‌కేసర్ నుంచి రోజూ బస్సులో నిలబడి వచ్చే బాలరాజు మాత్రం ఆ ఎత్తిపొడుపుకే పడిపోయాడు. కొందరికి అంతే, తిట్టించుకుంటేగాని ప్రేమ పుట్టదు.

రెండువేల ఏడు నాటి మాట. నాచారంలో అప్పడాల గోదాము పైన వాళ్ల ఆఫీసు. ప్రోగ్రాములు రాసే బాలరాజుది లినక్స్ కంప్యూటరు, వాటిని పరీక్షించే రాజశ్రీది విండోస్ కంప్యూటరు. ఫైలు ఏ ఫోల్డర్లో ఉందో చెప్పే పాత్‌లో గీతలు ఒకదాంట్లో ఇటు వాలితే, రెండోదాంట్లో అటు వాలతాయి. అందుకే అతని ఫైళ్లు ఆమెకు దొరికేవి కావు.

పది రోజులు కూర్చుని బాలరాజు ఒక బుల్లి లైబ్రరీ, అంటే మిగతా ప్రోగ్రాములు వాడుకునే చిన్న ప్రోగ్రాము, రాశాడు. లినక్స్ పాత్ ఇస్తే విండోస్ పాత్ చేసి పెడుతుంది. కంపెనీ అది తన కోసమే అనుకుంది, పాపం.

దాన్ని పరీక్షించడానికి బాగా పొడవైన పాత్ కావాలి. ఫోల్డర్లో ఫోల్డరు, దాంట్లో ఇంకో ఫోల్డరు. పేర్లు ఏబీసీడీలు పెడితే సరిపోయేది. మనవాడు ఫోల్డరుకో మాట చొప్పున ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ప్రేమలేఖ రాసుకున్నాడు. తర్వాత మారుద్దామనుకుని మరిచిపోయాడు. లైబ్రరీతో పాటు అదీ రాజశ్రీకి మెయిల్లో వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి ఆమె పలకరించడం మానేసింది. శుక్రవారం మేనేజరు విశ్వనాథం పిలిచాడు.

"రాజశ్రీ సోమవారం నుంచి మాదాపూర్ ఆఫీసుకు వెళ్తానంటోంది. నీతో పనిచేయదట. ఏం చేశావయ్యా?"

ఆమె ఉండేది ఉప్పల్లో. మాదాపూర్ సిటీకి ఆ చివర. అక్కడికి వెళ్లిందంటే ఇక కంటికి కనబడదు.

సాయంత్రం వాన దంచికొడుతుంటే బస్టాపుకు పరిగెత్తాడు. గొడుగు కింద నిలబడ్డ రాజశ్రీ బ్యాగులోంచి ఒక కాగితం తీసి చివరి మాటలు చదివింది.

"'మీ గొడుగు సూసిన, మీ పులిహోర సూసిన, మీ కోపం సూసిన. పొద్దుగాల మీ గొంతు వింటే నాకు తలనొప్పి.' ఇది రాసింది మీరేనా?"

బాలరాజు తెల్లబోయాడు. "నేనే. కానీ ఇంక ఉండె మేడమ్."

"ఇంకా ఉందా?"

"విండోస్‌ల పాత్ రెండువందల అరవై అక్షరాలు దాటితే పట్టదు. దాటింది కోసెయ్యమని లైబ్రరీకి నేనే చెప్పిన. 'తలనొప్పి' తర్వాత 'పోతది' అని ఇంకో ఫోల్డర్ ఉండె. అది కోసేసింది."

రాజశ్రీ కాగితం మళ్లీ చదువుకుంది. పెదవుల మీదికి వస్తున్న నవ్వును గొడుగు వంచి దాచుకుంది.

"ఆ తర్వాత?"

"ఇంకో నలభై ఫోల్డర్లున్నయి."

ఉప్పల్ బస్సు వీధి మలుపు తిరిగింది.

"ఇది పెద్ద బగ్గండీ," అంది రాజశ్రీ. "నలభై వినేంత టైము లేదు. పొట్టిగా చెప్పండి."

బాలరాజు తల మీంచి నీళ్లు కారుతున్నాయి. కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"మాదాపూర్ పోకుండ్రి," అన్నాడు.

ఆమె గొడుగు మూసి బస్సెక్కింది.

శని, ఆదివారాలు అతనికి అన్నం సహించలేదు. సోమవారం అందరికంటే ముందే ఆఫీసుకు వచ్చాడు. రాజశ్రీ కుర్చీ ఖాళీగా ఉంది. ఏడుపొక్కటే తక్కువగా కూర్చుని, ప్రోగ్రాముల్లో తప్పులు రాసిపెట్టే బగ్గుల జాబితా తెరిచాడు. పొడవు పాత్ బగ్గు మూసేసి ఉంది. కింద ఆదివారం రాత్రి ఇంటి నుంచి రాజశ్రీ రాసిన మాటలున్నాయి.

"పొట్టి పాత్ బాగా పనిచేసింది. మిగతా నలభై ఫోల్డర్లు వచ్చే ఆదివారం మా ఇంట్లో తెరవండి. మా నాన్నగారిదీ విండోసే, పొడవు పట్టదు."

"కుర్చీలోంచి లేవండి," అంది వెనకనుంచి రాజశ్రీ. "అది నాది."

అప్పుడు చూసుకున్నాడు. దిగులులో తెలియకుండానే ఆ ఖాళీ కుర్చీలోనే కూర్చున్నాడు.