వంతెన కింది ఎర్రకన్ను

రైలు వంతెన కింది దారిలో దెయ్యం ఉందని ఊళ్ళో అందరూ అంటారు. వాన పడే రాత్రి అటు వెళ్ళొద్దంటారు. తెల్లటి ఆకారమట... దారికి అడ్డంగా నిలబడుతుందట... చేతిలో ఎర్రటి కన్ను పట్టుకుని అటూ ఇటూ ఊపుతుందట. చూసిందెవరయ్యా అంటే, మా బావమరిది స్నేహితుడు అంటారు. ఆ స్నేహితుణ్ణి అడిగితే ఇంకెవరినో చూపిస్తాడు. లారీ డ్రైవర్లని అడిగితే మాత్రం నోరు విప్పరు, మొహం తిప్పుకుంటారు.

ఆ దెయ్యం ఎవరో కూడా ఊరే తేల్చేసింది. రెండేళ్ళ కిందట వంతెన దాటగానే లారీ కింద పడి పోయిన కుర్రాడట. దిక్కుమాలిన ఊరు! చచ్చినవాడి కళ్ళు చారెడేసి అంటారే, ఆపాటి మర్యాద కూడా అతనికి దక్కలేదు. తాగి నడిపాడన్నారు. చావాలనే వెళ్ళాడన్నారు. ఆ మాట తల్లి చెవిన పడేదాకా అన్నారు. అన్నీ అయిపోయాక, చివరికి దెయ్యాన్ని చేసి వంతెన కింద నిలబెట్టారు.

ఆ కుర్రాడికి ఒక చెల్లెలు. ఊళ్ళో బురదపిల్ల అంటే తెలియనివాళ్ళు లేరు. ఊరి బయట బీడులో, అన్నతో పాటు మట్టి బండ్ల మీద, అంటే మట్టిలో మాత్రమే నడిపే మోటారు సైకిళ్ళ మీద, గుంటలూ గుట్టలూ ఎగిరి, ఒంటినిండా బురదతో ఇంటికొచ్చేది. ఆ బండ్లకి దీపాలుండవు, అద్దాలుండవు, హారనుండదు. తోసుకుంటూ బీడుదాకా తీసుకెళ్ళాలి, అక్కడ ఎక్కాలి. రోడ్డు మీద నడిపే బండి కొనుక్కోవాలని అన్నకి పెద్ద ఆశ. కొన్నాడు. ఎర్రటిది, మీదికి వంగి పడుకుని నడిపేది. వారం తిరక్కుండానే పోయాడు.

లారీ నడిపినవాడు పోలీస్ స్టేషన్లో చేతులు కట్టుకుని చెప్పిన మాట ఆమె ఎప్పటికీ మరిచిపోలేదు.

"ఎడమకి తిరుగుతానని దీపం వేశాడు సార్. నేనున్న క్వారీ దారిలోకి వస్తున్నాడు కదా అని లారీ కదిపాను. తిరగలేదు... తిన్నగా వచ్చేశాడు."

ఆమె వాడి కాలర్ పట్టుకుంది. "తిరుగుతానని దీపం వేసినవాడు తిరగకుండా ఎందుకొస్తాడురా, అబద్ధాలకోరు!" నలుగురు కలిస్తేగానీ ఆ చెయ్యి విడిపించలేకపోయారు.

ఆమె రోజూ నడిపేది బేకరీ వ్యాను. మలుపు తిరిగి స్టీరింగ్ సరిచేస్తే దీపం దానంతటదే ఆరిపోతుంది. మళ్ళీ కావాలని వేస్తే తప్ప వెలగదు. అంటే అన్న కావాలనే వేశాడనా? వేసి, కావాలనే లారీ మీదికి వెళ్ళాడనా? చావాలనుకున్నాడన్న పాడు మాటకి బలం వచ్చింది ఇక్కడినుంచే. అన్న బండి తుక్కుతుక్కయింది, చూసినవాడు లేడు, లారీవాడు బయటపడ్డాడు. ఆ రోజునుంచి ఆమెకి కోపం తిండి, కోపం నిద్ర.

ఆ కోపంతోనే మొన్నటి వానాకాలం బండి కొనడానికి వెళ్ళింది. అదే వేళకి, అదే వానలో, అదే దారిన పోయి రావాలి. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు, లారీవాడు చెప్పింది పచ్చి అబద్ధం అని ఊరి మొహాన కొట్టాలి. తల్లి గుమ్మానికి అడ్డం నిలబడి, "ఆ దారిన మాత్రం వద్దే, నాకు నువ్వొక్కదానివే," అంది. ఆమె తల్లిని మెల్లగా పక్కకి జరిపి వెళ్ళిపోయింది.

పాత బండ్లు అమ్మే షాపాయన ముందు ఎర్రదాన్ని చూపించాడు. అచ్చం అన్న కొన్నదానిలాగే ఉంది. ఆమె చూపు చూసి, చప్పున గుడ్డ కప్పేశాడు. తర్వాత కాళ్ళు చాపుకుని కూర్చునే పొట్టి బండి చూపించాడు. "ఇదేమన్నా పడక్కుర్చీయా?" అంది. చివరికి మూలనున్న ఎత్తు బండి మీద ఆమె కళ్ళు పడ్డాయి. వెడల్పాటి హ్యాండిల్, నిటారుగా కూర్చోవచ్చు, అవసరమైతే లేచి నిలబడనూ వచ్చు. ఎక్కి చూస్తే రెండు పాదాలూ నేలకి ఆనాయి. మట్టి బండికి రెండింతల బరువుంది గానీ, చేతికి పరాయిదానిలా అనిపించలేదు.

"ఆడపిల్లవి కదా, స్కూటరైతే..." అన్నాడాయన.

"ఆ మాట ఇంకోసారి అంటే ఆ స్కూటర్ నీ నెత్తిన పడేస్తా."

ఆయన నవ్వలేదు. "కోపమెందుకమ్మా. మట్టిలో తిరిగిన చెయ్యి, రోడ్డుకి కొత్తే. అక్కడ నీకు నువ్వే. ఇక్కడ ఎదుటివాడు నిన్ను చూసి వాడి పని వాడు చేస్తాడు. ఆ దీపాల సంగతి ఒక్క మాట..."

"నాకెవరూ చెప్పక్కర్లేదు," అని బండి స్టార్ట్ చేసింది. ఆయన వెనకాల ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. వానలో వినపడలేదు.

చీకటి పడింది. బజారు చివర ఎడమకి వంతెన దారి. బొటనవేలితో దీపం మీట నొక్కింది. మట్టి బండికి లేని సోకు! బుద్ధిగా, నిబంధన తప్పకుండా తిరిగింది. చూశావుట్రా లారీ వెధవా, మా ఇంటివాళ్ళు ఇలా తిరుగుతారు అనుకుంది.

వంతెన నోరు తెరుచుకుని ఉంది. లోపల దీపాలు లేవు. పైన రైలు లేదు. వాన చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది... చెవుల్లో బండి హోరు ఒక్కటే మిగిలింది.

అప్పుడు ఎడమ గోడ మీద ఏదో వెలిగింది.

ఆరింది.

మళ్ళీ వెలిగింది. పసుపూ కాదు, ఎరుపూ కాదు... తడిసిన గోడ నిండా పరుచుకుని, చటుక్కున మాయమైంది. ఆమె వేగం పెంచింది. అదీ పక్కనే వచ్చింది. తగ్గించింది. అదీ ముందుకి పోలేదు. ఆమె గోడ వంక చూడటం మానేసి, పళ్ళు బిగించి ఎదురుగానే చూసింది. కిందికి, మీటర్ల వంక చూసే అలవాటు ఆమెకి ముందునుంచీ లేదు, మట్టి బండికి చూడటానికి అక్కడ ఏమీ ఉండదు.

"అన్నా..." అంది, తనకే వినపడనంత మెల్లగా. వెంటనే తన మీద తనకే ఒళ్ళు మండింది. ఈ ఊరు నన్ను కూడా పిరికిదాన్ని చేసిందా?

బండిని గట్టిగా ఉరికించింది. వంతెన అవతలి అంచు దగ్గరికొచ్చింది. వాన మళ్ళీ మీద పడింది. ఎడమవైపు క్వారీ దారిలో రెండు పెద్ద లైట్లు...

లారీ. ఆగి ఉంది. ఆమెని చూసింది... చూసి కదిలింది!

దారి మధ్యలో తెల్లటి ఆకారం లేచింది. చేతిలో ఎర్రటి కన్ను. లారీ వైపు ఊగింది, ఆమె వైపు ఊగింది, మళ్ళీ లారీ వైపు ఊగింది. బుస్సుమంటూ లారీ ఆగిపోయింది. ఆమె బ్రేకు తొక్కింది. వెనక చక్రం జారింది, బండి అడ్డం తిరిగింది. బురదలో నేర్చిన కాలు దానంతటదే నేలకి తన్ని ఆపింది. పడలేదు.

ఆకారం దగ్గరికొచ్చింది. వగరుస్తోంది. దెయ్యాలకి ఆయాసం ఉంటుందా?

"దీపం..." అంది గుసగుసగా. "దీపం, తల్లీ... ఇంకా కొట్టుకుంటోంది."

లారీ వెలుగులో మొహం కనపడింది. నెరిసిన గడ్డం, మీద తెల్ల ప్లాస్టిక్ కోటు, చేతిలో ఎర్ర టార్చి. రెండేళ్ళ కిందట కాలర్ పట్టుకున్న చేతికి ఆ మొహం బాగా గుర్తే.

"నువ్వా!" చెయ్యి పైకి లేచింది. "మా అన్నని చంపి, ఇక్కడ దెయ్యం వేషాలేస్తున్నావా?"

అతను తప్పుకోలేదు. కొడితే కొట్టనీ అన్నట్టు నిలబడి, వేలు మాత్రం బండి వైపు చూపించాడు. ఆమె చూసింది. ఎడమ దీపం... వెలిగి, ఆరి, వెలిగింది. బజారు మలుపులో తను వేసిందే.

"వ్యానులాగా కాదమ్మా. వీటికి మనమే ఆర్పాలి," అన్నాడు. "నాకూ అప్పుడు తెలీదు. లారీ వదిలేశాక, వాన పడిన రాత్రల్లా ఇక్కడే ఉంటున్నాను. ఏ కొత్త బండి వచ్చినా అదే వరస. దీపం వేసుకుని తిరుగుతారు, ఆర్పడం మరిచిపోతారు, ఇక్కడ లారీవాడు నమ్మేస్తాడు. చూసి చూసి అప్పుడర్థమైంది... అతను చావాలని రాలేదమ్మా. నేనూ అబద్ధం చెప్పలేదు."

ఆమె చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. రెండేళ్ళుగా దాచుకున్న తిట్లున్నాయి. ఎవర్ని తిట్టాలి? ఈ ముసలాణ్ణా? అన్ననా? షాపాయన చెప్పబోయినా వినని తననా? ఆ చెయ్యి దిగి, మీట నొక్కింది. వెలుగు ఆరింది.

"ఈ మాట ఇన్నాళ్ళూ మాకెందుకు చెప్పలేదు?" అరిచింది. "నా కొడుకే చావుని వెతుక్కుంటూ పోయాడని మా అమ్మ రెండేళ్ళుగా ఏడుస్తోంది. తెలుసా నీకు?"

"మీ వీధి మొదటిదాకా వచ్చానమ్మా... చాలాసార్లు. ఏ మొహం పెట్టుకుని తలుపు తట్టను?"

"ఈ మొహమే పెట్టుకుని తట్టు. ఎక్కు!"

అతను బిత్తరపోయి చూశాడు. ఆగిన లారీ డ్రైవరు అప్పటికే కిందికి దిగాడు. ఏమీ అడగకుండా ముసలాయన చేతిలోంచి ఎర్ర టార్చి తీసుకుని, దారి మధ్యకి వెళ్ళి నిలబడ్డాడు. ముసలాయన ప్లాస్టిక్ కోటు ముడుచుకుని, భయంభయంగా ఆమె వెనక ఎక్కాడు. బండి మళ్ళీ వంతెన కిందికి దూరింది. బజారు మలుపు తిరగగానే వెనకనుంచి గుసగుస వినిపించింది.

"దీపం... తల్లీ."

"తెలుసు! ఆర్పేశా!" అని కసిరింది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

మర్నాడు ఊరంతా ఒకటే గోల. వంతెన కింది దెయ్యం, తెల్లబట్టలతో, బురదపిల్ల బండెక్కి వాళ్ళింటికి వెళ్ళిందట. తల్లి తలుపు తీసి లోపలికి పిలిచిందట. ఈసారి మాత్రం, చూశామన్నవాళ్ళు నిజంగానే చూశారు.