ముందు బ్లేడా, వెనక బ్లేడా?

"వెనక బ్లేడే తీసుకోండి. మినీ ట్రాక్టరుకి అదే మంచిది," అన్నాను.

"ఇసక తొయ్యడానికి నాకు ముందుదే కావాల," అంది యామిని.

2006 ఏప్రిల్. పలాసలో మా బావ ఢిల్లేశ్వరరావు షాపులో వ్యవసాయ పనిముట్లు అమ్మడం నా పని. ట్రాక్టర్ల గురించి నాకు తెలియనిది లేదని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

"ముందుదానికి ఇంజను కింద ఫ్రేము బిగించాలండీ. విశాఖ నుంచి రావాల, పది రోజులు. వెనకదయితే మూడు పిన్నులు, ఐదు నిమిషాలు."

"ఇసక ముందుంటే బ్లేడు వెనకెందుకండీ?"

"రివర్సులో తొయ్యొచ్చు. పోనీ మీ డ్రైవర్ని పంపండి, అతనికి సెప్తాను."

ఆమె కౌంటరు మీదకి వంగి నావైపు సూటిగా చూసింది.

"సెప్పండి."

డ్రైవరు ఆమేనట! నా చెవులు వేడెక్కాయి. అయినా నేను తగ్గలేదు. పది రోజులు ఆగలేనంటూ చివరికి ఆమే తగ్గింది. ఎందుకంత తొందరో అడగాలన్న బుద్ధి మాత్రం నాకు పుట్టలేదు.

బ్లేడు ఆ సాయంత్రమే పంపేశాం. మర్నాడు, బుధవారం పొద్దున్నే, బిగించడానికి అక్కుపల్లి దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న వాళ్ళ కొబ్బరితోటకి వెళ్ళాను. వేసవి గాలికి, రోడ్డు నుంచి ఇంటికెళ్ళే దారి మీద మోకాలెత్తు ఇసక మేట వేసింది. రోడ్డు వైపు ఒక ఆటో ఆగి ఉంది. ఇంటి అరుగు మీద వాళ్ళ నాన్న గున్నయ్యగారు సంచి పట్టుకుని కూర్చున్నారు. వారానికి రెండుసార్లు పలాసలో రైలెక్కి విశాఖలో డయాలసిస్‌కి వెళ్ళాలాయన. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే.

అప్పుడు తెలిసింది నాకు ఆ తొందరేమిటో.

యామిని మెడ వెనక్కి తిప్పి ఇసక తోస్తుంటే, చూడని ముందు చక్రం కాస్తా పక్క కాలవలోకి దిగిపోయింది. ఇప్పుడు దారికి ఇసకతో పాటు ట్రాక్టరూ అడ్డం.

"ఐదు నిమిషాలన్నారు," అందంతే. తిట్టినా బాగుండేది.

గున్నయ్యగారిని వీపున ఎక్కించుకుని ఇసక దాటించాను. ఆటోలో స్టేషను దాకా వెళ్ళాను. రైలు లేటు కాబట్టి దొరికింది.

"వెనక బ్లేడు నీ సలహాయేనా బాబూ?" అన్నారాయన దారిలో.

"అవునండీ. అమ్మాయిగారి మాట వినలేదు. తప్పు నాదే."

"ఏటి, అలా ఒప్పేసుకున్నావు? మా ఇంట్లో ఆ అలవాటు లేదు," అని నవ్వారు.

స్టాకు లారీ కోసం ఆగకుండా ఆ సాయంత్రమే నేను విశాఖ వెళ్ళాను. శుక్రవారం ముందు బ్లేడు తెచ్చి, అప్పటికే కాలవలోంచి లాగిన ట్రాక్టరుకి పొద్దుపోయేదాకా కూర్చుని బిగించాను. శనివారం పొద్దున్న యామిని పావుగంటలో దారి తీసేసింది. ముఖానికి చున్నీ చుట్టుకుంది, కళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు. నాకవి చాలు. ఆటో తిన్నగా అరుగు దాకా వచ్చి గున్నయ్యగారిని ఎక్కించుకుంది.

"ఏటలా సూత్తన్నారు? బ్లేడు వంకరగా ఉందేటి?"

"బ్లేడు బాగుంది. నాకు మీరంటే ఇష్టం యామినిగారూ. ఇది అమ్మకం మాట కాదు."

ఆమె ఇంజను ఆపేసింది. నవ్వుతుందనుకున్నాను. కళ్ళు నిండాయి.

"మధ్యాన్నం గాలికి దారి మళ్ళీ మూసుకుపోద్ది. సాయంత్రం నాన్న ఇంటికి రావాలంటే నేనిక్కడుండాల. అక్కడ ఆసుపత్రిలో నాలుగ్గంటలు ఆయన పక్కన ఎవులూ ఉండరు. నాకు ఇష్టాలూ గిష్టాలూ ఎక్కడ్నించి వత్తాయండీ?"

"నేనెల్తాను."

"ఈవేళా? శనివారం షాపులో రద్దీ కదా. మీ బావ ఊరుకుంటాడా?"

"ఊరుకోడు."

ఆటోలోంచి గున్నయ్యగారు కేకేశారు. "అమ్మా, రైలు టైమయిపోతంది! పెళ్ళి మాటలు సాయంత్రం మాటాడుకుందుం. ముందు ఆ కుర్రోణ్ణి ఎక్కనీ!"

ఎక్కాను. యామిని పరుగున వచ్చి మందుల సంచి నా ఒళ్ళో పెట్టింది.

"పన్నెండింటికి మాత్తర్లు. ఒద్దంటాడు, వినకు. సాయంత్రానికి దారి తీసుంచుతాను. ఇద్దరూ ఇంటికే రండి."