ఊదితేనే కదిలే వేను

రూబీ స్కూటీ దిగి హెల్మెట్ తీసేలోపే వెనకనుంచి స్కూల్ వేనొకటి వచ్చి దాన్ని గుద్దేసింది.

మిట్టమధ్యాహ్నం. అరసవల్లి రోడ్డులో సన్నగా జల్లు పడుతోంది. స్కూటీ పక్కకి ఒరిగి, అద్దం పగిలి, వెనక దీపం ఊడి కాలవలో పడింది. వేనులో పిల్లలెవరూ లేరు. డ్రైవరొక్కడే దిగాడు. పొడుగ్గా ఉన్నాడు. పెళ్ళి బట్టల్లో ఉన్నాడు.

"ఏటి, కళ్ళు కనబడవా?"

"సారీ మేడమ్. వాన కదా, జారిపోనాది."

"వాన కాదు. వాసన!" అంది రూబీ ముక్కు మూసుకుని. "తాగేవు."

"ఫ్రెండు పెళ్ళి. కొంచెమే..." అతను నవ్వబోయాడు.

రూబీ కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం లాగేసుకుంది. "నాలుగింటికి ఇదే బండిలో పిల్లల్ని ఎక్కించుకుంటావా?"

అతని నవ్వు ఆగిపోయింది. రూబీ పోలీసులకి ఫోన్ చేసింది.

అతని పేరు బెన్హర్. ఇరవయ్యేడేళ్ళు. ఆ స్కూల్లో అయిదేళ్ళుగా డ్రైవరు. పోలీసులు మిషన్లో ఊదించారు, కోర్టుకి పంపారు. కోర్టు జరిమానా వేసి, లైసెన్సు ఆరు నెలలు ఆపేసింది. ఉద్యోగం అంతకు ముందే పోయింది. జరిమానా కట్టాడు, మర్చిపోయాడు. ఆ పిల్ల అడిగిన ప్రశ్నొకటే మర్చిపోలేకపోయాడు.

ఆరు నెలలు గడిచాక, 2016 జూన్‌లో, సరాసరి ఆ పిల్ల షాపుకే వచ్చాడు.

షాపు రూబీ వాళ్ళ నాన్న కృపానిధిది. బ్యాటరీలు, సెల్ఫ్ మోటార్లు, బండ్ల వైరింగు. రూబీ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, ఉద్యోగానికి హైదరాబాదు పోకుండా నాన్న పక్కనే టంకం పెట్టడానికి కూర్చుంది. బెన్హర్‌ని చూసినా స్క్రూడ్రైవరు కింద పెట్టలేదు.

"మళ్ళీ ఏం గుద్దేవు?"

"ఏటీ నేదు." జేబులోంచి పేపరు కటింగొకటి తీసి బల్లమీద పరిచాడు. "ఇది సదువు."

పై దేశాల్లో తాగి నడిపి దొరికినవాళ్ళకి జడ్జి ఒక మిషను బిగించుకోమంటాడట. దాంట్లో ఊదాలి. మందు వాసన తగిలితే బండి స్టార్టవదు.

"మన కోర్టు నిన్నిది పెట్టుకోమందా?"

"నేదు. లాయర్ని అడిగేను. మన చట్టంలో నేదంట."

"మరి ఎవరడిగేరు?"

"నాను అడుగుతన్నాను."

లోపల మోటారు విప్పుతున్న కృపానిధి తలెత్తి చూశాడు.

"నీ లైసెన్సు పోయింది నావల్లే. తెలుసు కదా?" అంది రూబీ.

"తెలుసు. అందికే వచ్చేను. నువ్వు మొహమాటపడవు."

రూబీకి నవ్వొచ్చింది. కానీ అతనికి కనబడనివ్వలేదు.

పది రోజుల్లో తయారుచేసింది. అరచేతిలో పట్టే డబ్బా, అందులో సెన్సారు, ఊదడానికి చిన్న గొట్టం. బండిని స్టార్టు చేసే సెల్ఫు వైరు దానిలోంచే వెళ్తుంది. ఊదితే పచ్చ లైటు వెలగాలి, అప్పుడే సెల్ఫు పడుతుంది. ఎర్ర లైటు వెలిగితే ఎంత తిప్పినా తాళం తిరగడమే, ఇంజను పలకదు.

బెన్హర్ దాన్ని పట్టుకుని పాత ఉద్యోగం అడగడానికి వెళ్తే, ఆ స్కూలు నడిపే లీలారాణి గారు డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశారు. "మిషన్ని నమ్ముతాను బెన్హర్. నిన్ను కాదు. మూడు నెలలు రోజూ పొద్దున్న ఆరింటికి నా ఎదురుగా ఊది, ఖాళీ వేను ఊరంతా తిప్పు. పక్కన అప్పలసూరి కూర్చుంటాడు. ఒక్క ఎర్ర లైటు పడినా మళ్ళీ ఒకటో రోజు నుంచి."

అప్పలసూరి స్కూలు రెండో వేను డ్రైవరు. రిటైరు కావలసిన వయసు. "సరే మేడమ్. నాకూ వాకింగు తప్పుతాది" అన్నాడు.

ప్రతి శనివారం వేను రూబీ దగ్గరికి చెకింగుకి వచ్చేది.

"ఊదు. అలగ కాదు! బూర ఊదుతున్నావా? మెల్లగ."

"నీ ఎదర ఊపిరి మెల్లగ రాదు మేడమ్."

"డైలాగులకి పచ్చలైటు పడదు. ఊదు."

పంతొమ్మిదో రోజు మంగళవారం. బెన్హర్ నడుచుకుంటూ షాపుకొచ్చాడు. మొహం వేలాడిపోయి ఉంది.

"ఈవేళ ఎర్రలైటు."

రూబీ టూల్స్ సంచీ తీసింది. "సెన్సారు తడిసిందేమో చూస్తాను, పద."

"మిషను బాగుంది. నాను బాగునేను." నేలకేసి చూస్తూ చెప్పాడు. "నిన్న సాయంత్రం బావ ఇంట్లో ఫంక్షను. ఒక్క గ్లాసే అనుకున్నాను. ఆగనేకపోనాను. తెల్లారినా దిగనేదు."

"లీలారాణి మేడమ్‌కి?"

"ఎదురుగానే ఉన్నారు కదా. సెన్సారు పాడైపోనాదేమో అన్నారు పాపం. కాదండీ, తాగేనని సెప్పీసేను."

"ఆవిడే దారి చూపిస్తే దాచొచ్చు కదా?"

"దాసడానికయితే మిషనెందుకు?"

రూబీ టూల్స్ సంచీ మళ్ళీ బల్లమీద పెట్టేసింది. తిట్టడానికి సిద్ధం చేసుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

"రేపు ఒకటో రోజు," అంది చివరికి. "ఆరింటికి నేనూ వస్తాను. రీడింగ్ రాసుకోవాలి."

రీడింగ్ అప్పలసూరైనా రాయగలడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

తర్వాత తొంభై రోజులూ పచ్చ లైటే. వానలోనూ వచ్చింది రూబీ, రెయిన్‌కోటు తొడుక్కుని. బావ ఇంట్లో ఫంక్షన్లకి బెన్హర్ పొద్దున్నే వెళ్ళి, చదివింపు ఇచ్చి, భోజనం ముందే వచ్చేసేవాడు. బావకి కోపమొచ్చింది. రానీ అనుకున్నాడు. దసరా సెలవులయ్యాక లీలారాణి గారు పిల్లల్ని అతని చేతికిచ్చారు.

నవంబరులో ఒక బుధవారం, సగం దారిలో పిల్లల్ని ఎక్కించుకోవడానికి ఇంజను ఆపి, మళ్ళీ ఊదాడు. ఎర్ర లైటు.

ఇంకోసారి ఊదాడు. ఎర్రలైటు, దానికి తోడు కుయ్యోమని బజరు. వేనులో పదకొండు మంది పిల్లలు. రోడ్డుమీద తల్లులు. ఒకావిడ తన కూతుర్ని గబుక్కున కిందికి దించేసుకుంది.

"మళ్ళీ మొదలెట్టేడు. నాను అప్పుడే అన్నాను!"

వెనక వేనులో వస్తున్న అప్పలసూరి దిగి, చెవిలో గుసగుసలాడాడు. "ఒరే, నువ్వు తాగనేదని నాకు తెలుసు. ఆ వైరు పీకి డైరెక్టు ఇచ్చీనా? ఎవుడు సూస్తాడు?"

"నాను సూస్తన్నాను మావా. వైరు ముట్టుకోకు. పిల్లల్ని నీ బండిలో సర్దీయి. పట్టనోళ్ళని ఆటోలో పంపుదాం."

పిల్లలంతా వెళ్ళేదాకా నిలబడ్డాడు. తల్లుల చూపులన్నీ భరించాడు. తర్వాత లీలారాణి గారికీ, రూబీకీ తనే ఫోన్ చేశాడు.

రూబీ స్కూటీ మీద వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"తాగేవా?"

"నేదు."

"బెన్హర్..."

"తాగుంటే నువ్వు అడగకముందే సెప్పీద్దును."

రూబీ అతని కళ్ళలోకి చూసింది. అవును, చెప్పేసేవాడే. ఊపిరి పీల్చుకుని దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది. బెన్హర్ బిగుసుకుపోయాడు. ఆమె అతని చెంప దగ్గర ముక్కుపెట్టి వాసన చూసింది.

"ఇదేటిది?"

"షేవింగ్ లోషను."

"ఎంత రాసేవు?"

"సగం సీసా. పొద్దున్న ఊదీసినాక."

"దాంట్లో స్పిరిట్ ఉంటుంది! చెంపలకి అంత పూసుకుని గొట్టం నోట్లో పెట్టుకుంటే సెన్సారుకేం తెలుస్తుంది? పద, మొహం కడుక్కో. సబ్బు పెట్టి!"

పక్కనున్న టీకొట్లో మూడుసార్లు మొహం కడిగించింది. చొక్కా కాలరు తడిగుడ్డతో తుడిపించింది. పావుగంట ఆగమంది. లీలారాణి గారు ఆటో దిగి వచ్చేసరికి బెన్హర్ ఊదాడు. పచ్చ లైటు. ఇంజను పలికింది.

లీలారాణి గారు విషయమంతా విన్నారు. "వైరు పీకలేదు కదా? అది చాలు. ఆ తల్లులకి నేను చెప్తాను," అని వేనెక్కి కూర్చున్నారు. "కానివ్వు, స్కూలుకి లేటవుతోంది."

బెన్హర్ కదలబోతుంటే రూబీ కిటికీ దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించింది.

"ఎందుకు రాసేవో చెప్పలేదు."

"మజ్జాన్నం మీ షాపుకి వద్దామని."

"చెకింగు శనివారం కదా."

"చెకింగుకి కాదు." స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. "నువ్వంటే నాకిష్టం రూబీ. పెళ్ళి సేసుకుంటావా అని అడుగుదామని."

వెనక సీట్లో లీలారాణి గారు కళ్ళజోడు తీసి శ్రద్ధగా తుడుచుకోసాగారు.

రూబీ చెవులు ఎర్రబడ్డాయి. హెల్మెట్ పెట్టేసుకుంది. "నాన్న ఆరింటిదాకా షాపులో ఉంటారు," అని స్కూటీ తిప్పేసింది.

అయిదున్నరకే వెళ్ళాడు బెన్హర్. లోషను లేకుండా.

కృపానిధి చేతులు తుడుచుకుని స్టూలు చూపించాడు. "కూకో. ఒకటే అడుగుతాను. మంచోడివే. కష్టపడతావు. కానీ తాగుడు మళ్ళీ వస్తే నా పిల్ల గతేటి?"

"రాదని సెప్పీడం సులువు మేస్త్రీ గారూ. నాను సెప్పను. పంతొమ్మిదో రోజు కూడా రాదనే అనుకున్నాను." బెన్హర్ ఆయన కళ్ళలోకే చూశాడు. "రోజూ పొద్దున్నే ఊదుతాను. అది మానను. ఎప్పుడైనా తప్పు సేస్తే ముందు మీ అమ్మాయికే సెప్తాను. ఈ రెండూ నా సేతిలో ఉన్నాయి. ఈ రెంటికీ మాటిస్తన్నాను."

కృపానిధి లేచి, బెన్హర్ తలమీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. పెదవులు మెల్లగా కదిలాయి. ఆ ప్రార్థనలో ఏమన్నాడో ఇద్దరికీ వినబడలేదు. ఆమెన్ మాత్రం గట్టిగానే అన్నాడు.

అప్పటిదాకా గోడకేసి తిరిగి కొత్త ఏడాది క్యాలెండరు చూస్తున్న రూబీ, మే నెల తీసి ఒక తారీకుకి పెన్నుతో సున్నా చుట్టింది.

"ఇది పెట్టుకుందాం. పిల్లలకి సెలవులు. బడి రోజుల్లో వేను ఆపడానికి లేదు."

"దేనికి?" అన్నాడు బెన్హర్, ఇంకా తల వంచుకునే.

"పెళ్ళికి," అంది రూబీ.