ఖాళీ లేని బొగ్గు

ఫలక్‌నుమా స్టేషను వెనక రేకుల షెడ్డులో హైమవతిని చూసినవాళ్లు ఆవిడ బొగ్గు కడుగుతోందనే అనుకుంటారు. ఆ మాటా అబద్ధం కాదు. బొగ్గులో కంటికి కనబడని గదులు లక్షలుంటాయి. గదికొక్కటి చొప్పున ప్లాటినం పరమాణువుల్ని కూర్చోబెట్టాలి. రెండు కలిశాయా, ముద్దకట్టి పని చెడుతుంది. కొలిమి చూసే బాలనర్సింహకి ఈ సంగతి చెబితే పడీపడీ నవ్వాడు.

"గట్లనా మేడం! అర్రకొక కిరాయిదారన్నట్టు."

ఆ మాట ఆవిడకీ నచ్చింది. ఇవాళ మాత్రం నవ్వు రాలేదు. రేపటికి ఈ ప్లాటినం బొగ్గు నమూనా ఇవ్వకపోతే ఆఫీసువాళ్లు షెడ్డు మూసేస్తారు. మిగిలిన ప్లాటినం ద్రావణం ఆ ఒక్క సీసాయే. ఉద్యోగం పోతే కూతురు సాహిత్యను తీసుకుని మళ్లీ అన్నయ్య పంచన చేరాలి. చచ్చినా చేరదు.

మధ్యాహ్నమే మబ్బు కమ్మి షెడ్డు చీకటైంది. కరెంటు పోయింది. గాజు కడ్డీతో కలుపుతూ, పసుపుపచ్చ ద్రావణాన్ని బొగ్గునీళ్లలో బొట్టుబొట్టుగా వేసింది. మామూలుగా బొగ్గు ఆ రంగును తాగేస్తుంది, నీళ్లు తేటపడతాయి. ఇవాళ ఎంత కలిపినా పసుపు పోలేదు. పైగా తడిసిన పాత చెక్క వాసన.

"ఇది కొబ్బరి చిప్పల బొగ్గేనా?"

"చిప్పలు తడిసినయ్ మేడం. యాకుత్‌పురల పాతిల్లు కూలగొడితే దర్వాజ తెచ్చి కాల్చిన. మస్తు కట్టె." బాలనర్సింహ గొంతు తగ్గించాడు. "ఎన్కట వరదొచ్చినప్పుడు ఇంటోళ్లంత ఒక్క అర్రల ఇరుక్కున్నరంట. గా దర్వాజ తెరుచుకోలేదంట."

"ముందే చెప్పొద్దూ!" అని కసిరింది. కసిరిందే గానీ ఆగలేదు. బొగ్గును వడగట్టి, పసుపు నీళ్లు పక్కన దాచి, బొగ్గులో యాసిడ్ పోసి స్టవ్ మీద పెట్టింది. గదులు శుభ్రపడితే చోటు దొరుకుతుంది. అంతే కదా.

బుడగలు లేచాయి. వాటి మధ్య ఏదో గుసగుస...

"జర... జరుగుండ్రి..."

వెనక్కి తిరిగింది. బాలనర్సింహ బయట బీడీ కాలుస్తున్నాడు.

మళ్లీ వినిపించింది. చాలా గొంతులు... ఒకదాన్నొకటి తోసుకుంటూ...

"జాగ లేదు... జాగ లేదు..."

అయినా మంట పెంచింది.

"ఖాళీ చెయ్యండి," అంది పళ్లబిగువున. "గదులు నాక్కావాలి."

గుసగుస ఆగిపోయింది.

బొగ్గు కడిగి, దాచిన ద్రావణంలో వేసి కలిపింది. పసుపు పోయింది. నీళ్లు తేటపడ్డాయి. ఆవిడకి ఏడుపొచ్చేంత సంతోషమేసింది.

లోకల్ రైల్లో పెట్టె మొత్తం ఖాళీ. అయినా యాకుత్‌పురా వచ్చేసరికి హైమవతి కిటికీకి నొక్కుకుపోయి ఉంది. ఎటు కదిలినా భుజానికి తడి తగిలింది.

మాదన్నపేట ఇంటికి చేరేసరికి సాహిత్య గుమ్మం బయట మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో పుస్తకాల సంచి. తాళం తీసే ఉంది.

"లోపలికెళ్లలేదేమే?"

"జాగ లేదంట అమ్మా."

ఈ పిల్ల నోట ఎప్పుడూ 'చోటు' అన్న మాటే తప్ప 'జాగ' వినలేదు. హైమవతి పిల్లను మెట్టు మీంచి లేపింది.

ఓరగా తెరిచిన తలుపులోంచి చూసింది. మంచం, బీరువా, చుట్టిన చాప. ఎవరూ లేరు. తడి చెక్క వాసన మాత్రం గుప్పుమంది. కూతురి చెయ్యి పట్టుకుని వెనక్కి అడుగేయబోయింది.

లోపల్నుంచి ఎవరో మెల్లగా, ఎంతో మర్యాదగా అన్నారు...

"ఇంటామె వచ్చింది. జర జరుగుండ్రి."